స్వర్ణ కుప్పంలో చిగురుకుంట గనికి చోటుండాలి

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, కుప్పం శాసనసభ్యులు
శ్రీ నారా చంద్రబాబు నాయుడు గారికి,



2025 జనవరిలో మీరు కుప్పంలో ‘స్వర్ణ కుప్పం - విజన్ 2029’ పత్రాన్ని విడుదల చేశారు. వేరే ఏ ఊరి ప్రణాళికలోనైనా స్వర్ణం అన్న మాట ఒక ఆశ, ఒక దీవెన. కుప్పం విషయంలో మాత్రం అది నేలలో ఉన్న నిజం. గుడుపల్లె మండలంలోని చిగురుకుంట, మల్లప్పకొండ ప్రాంతాల్లో మనుషులు భూమిలోకి దిగి బంగారు రాయిని తవ్వి పైకి తెచ్చారు. పక్కనే కర్ణాటకలో ఉన్న కోలారు గనులదీ ఈ గనులదీ ఒకటే శిలాపట్టీ. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 80 కిలోమీటర్లు సాగే ఆ పట్టీ దక్షిణ భాగం మన చిత్తూరు జిల్లాలోకి వస్తుంది. ఇక్కడి గనిని నడిపింది కేంద్ర ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్. 2001 ఫిబ్రవరి 28న ఆ సంస్థ కోలారులో మూతపడింది, దాంతోపాటే చిగురుకుంట కథా ముగిసింది. పాతికేళ్లు గడిచాయి. ఇప్పుడు కుప్పానికి కొత్త పరిశ్రమలు వస్తున్నాయి, భూములు కేటాయిస్తున్నారు, పారిశ్రామికవాడల గీతలు గీస్తున్నారు. ఈ వేళ మిమ్మల్ని కోరేది ఒక్కటే. పాత పని జరిగిన నేలను కొత్త పనికి అప్పగించే ముందు, ఆ పాత పని గుర్తుల్లో ఏవి నిలవాలో కాగితం మీద తేల్చండి. ఆ నిర్ణయాన్ని భూమి కేటాయింపు ఉత్తర్వులోనే షరతుగా పెట్టండి. ఈ ఒక్క షరతు ఎందుకు అవసరమో, దానికి వచ్చే అభ్యంతరాలకు జవాబేమిటో చెప్పడానికే ఈ లేఖ.

వారసత్వం అనగానే మన మనసు గుడి గోపురం మీదికో, కోట బురుజు మీదికో పోతుంది. మల్లప్పకొండ పేరు చెబితే పైనున్న శివాలయం గుర్తొస్తుంది గానీ, కొండ కింద జరిగిన తవ్వకం గుర్తు రాదు. ఇందులో తప్పు పట్టేదేమీ లేదు, మనకు అలా నేర్పారు. కానీ ఈ ప్రాంతపు జీవితాన్ని గుడి ఎంత మలిచిందో గని కూడా అంతే మలిచింది. కోలారులో 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ తవ్వకం చేపట్టింది. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది ఆ తర్వాత మూడేళ్లకు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది, ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో ఒకటిగా పేరు పొందింది. అంత లోతున్న గని గనకనే 1965లో శాస్త్రవేత్తలు అక్కడి సొరంగంలో పరికరాలు పెట్టి, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టుకోగలిగారు. 120 ఏళ్లలో అక్కడి నుంచి 800 టన్నులకు పైగా బంగారం బయటికొచ్చింది. దాన్ని తీసిన చేతుల్లో మన చేతులూ ఉన్నాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ తాలూకాల్లో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది. వానల్లేక చేలు ఎండినప్పుడు ఆ జిల్లా పల్లెల నుంచి తమిళులూ తెలుగువాళ్లూ గనుల బాట పట్టారు. కోలారు గనుల్లోని మారికుప్పం, ఊరుగాం, ఛాంపియన్ రీఫ్ అన్న పేర్లు ఈ సరిహద్దు పల్లెల్లో ఎన్నో కుటుంబాల కథల్లో కలిసిపోయిన పేర్లు.

ఆ పనిని కళ్లకు కట్టే వస్తువు ఒకటి ఉంది. గని నోటి మీద నిలబడే ఇనుప గోపురం అది. నాలుగు కాళ్ల మీద ఏటవాలుగా నిలబడి ఉంటుంది. పైన పెద్ద చక్రాలు, చక్రం అంచున తాడు కూర్చునే గాడి. ఆ గాడిలోంచి ఉక్కుతాడు ఒక కొస గని నోట్లోకి దిగుతుంది, రెండో కొస కాస్త దూరంలోని ఇంజను గదిలో ఉన్న పెద్ద డ్రమ్ముకు చుట్టుకుంటుంది. డ్రమ్ము తిరిగితే తాడు కొసన వేలాడే ఇనుప బోను మనుషులను మోసుకుని చీకట్లోకి దిగుతుంది. ఇంజను తిప్పే మనిషికి బోను కనిపించదు, బోనులో ఉన్నవాళ్లకు అతను కనిపించడు. ఇద్దరి మధ్య ఉన్నదల్లా గంట. ఇన్ని గంటలు కొడితే దించాలి, ఇన్ని కొడితే ఎత్తాలి, ఇన్ని కొడితే ఆపాలి. ఆ లెక్క తప్పితే ప్రాణాలు పోతాయి. తాడు తిరిగి తిరిగి అరగదీసిన ఆ గాడిలో వేలాది షిఫ్టుల పని ఉంది, మనిషి మీద మనిషి పెట్టుకున్న నమ్మకం ఉంది. కంటితో చూసి చేత్తో తడిమితే ఎనిమిదో తరగతి పిల్లకైనా కప్పీ సూత్రం, బలాల లెక్క, కార్మిక చరిత్ర ఒకేసారి అర్థమవుతాయి. అదే గోపురాన్ని గ్యాస్ కట్టర్‌తో కోసి తూకానికి వేస్తే కొన్ని టన్నుల పాత ఇనుము. అందులో ఏది మనకు కావాలో ఎంచుకునే వ్యవధి మనకు ఇంకా ఉంది.

ఈ ఎంపిక మీకు కొత్త కాదు. భారత నౌకాదళ జలాంతర్గామి కురుసుర 1969లో సేవలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 31 ఏళ్ల తర్వాత 2001 ఫిబ్రవరి 27న విరమణ పొందింది. మరుసటి రోజే, ఫిబ్రవరి 28న, భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. ఇరవై నాలుగు గంటల తేడాతో రెండు మహాయంత్రాల పని అయిపోయింది. కురుసురను తుక్కుకు అమ్మలేదు. 91 మీటర్ల ఉక్కు శరీరాన్ని సముద్రంలోంచి విశాఖ రామకృష్ణా బీచ్ ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. 2002 ఆగస్టులో ముఖ్యమంత్రిగా దాన్ని ప్రారంభించింది మీరే. పనిచేయని ఒక యంత్రం ఆనాటి నుంచి ఈనాటి దాకా ఒక నగరానికి గుర్తుగా నిలిచింది. నౌకాదళంలో పనిచేసి రిటైరైన వాళ్లే అక్కడ సందర్శకులకు గైడ్లుగా మారి లోపలి గదులను చూపించారు, ఇరుకు పడకలు, టార్పెడో గొట్టాల సంగతి చెప్పారు. బడిపిల్లలు లైను కట్టి లోపలికి వెళ్లి వస్తారు. ఒక జలాంతర్గామికి చేసిన పని ఒక గనికి ఎందుకు చేయకూడదు? కురుసుర సముద్రంలో దేశాన్ని కాచింది, గని కార్మికుడు పాతాళంలో దేశ ఖజానాకు బంగారం మోశాడు. మొదటి దానికి మనం ఇచ్చిన గౌరవం రెండో దానికి ఇవ్వకపోవడానికి సరైన కారణమేదీ కనిపించదు.

ఇది కుప్పానికి పరిమితమైన విషయం కూడా కాదు. పలమనేరు-కుప్పం-మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ ఈ మూడు ప్రాంతాల భూవినియోగాన్ని ఒకే చూపుతో చూడటానికి పుట్టింది. మదనపల్లె, పుంగనూరు పట్టణాల పాత పనికి బంగారమంత తళుకు లేదు. వేరుశనగ పండిన నేల గనుక కాయ ఒలిచే మిల్లులు, నూనె గానుగలు. పట్టుపురుగు పెంచిన నేల గనుక పట్టుగూళ్ల మార్కెట్లు, రీలింగ్ కొట్టాలు, నీరుగట్టువారిపల్లె మగ్గాలు. రీలింగ్ కొట్టంలో జరిగే పని ఒక్కసారి దగ్గరగా చూడండి. పట్టుగూళ్లను మరిగే నీళ్లలో వేస్తారు, జిగురు కరిగి పోగు కొస తేలుతుంది. కంటికి సరిగ్గా ఆనని ఆ కొసలను కొన్ని గూళ్ల నుంచి ఒకేసారి పట్టి, ఒక్క దారంగా కలిపి రాట్నానికి ఎక్కిస్తారు. ఒక గూడు అయిపోగానే దారం సన్నబడకముందే మరో గూడు కొస అందించాలి. రోజంతా వేడి నీళ్లలో నానిన వేళ్లు ఆ కొసను కంటికన్నా ముందు పసిగడతాయి. ఇంత నేర్పు ఉన్న పని జరిగిన రేకుల షెడ్డు మూతపడి లేఅవుట్ కిందకు వెళ్తే, ఆ జాగాలో అసలు ఏం జరిగేదో చెప్పే ఒక ఫొటో గానీ, కొలతల పటం గానీ, రిజిస్టరు గానీ ఏ కార్యాలయమూ అడగదు. చెట్టు కొట్టాలంటే అనుమతి అడుగుతున్నాం. వందల మంది పొట్ట నింపిన మిల్లును కూల్చడానికి ఒక్క ఫొటో అయినా అడగడం న్యాయం.

ఈ ప్రాంతమే మనకు ఒక పాఠం చెబుతోంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల కోసం శానటోరియం మొదలైంది. క్షయకు మందు లేని రోజుల్లో గాలి, వెలుతురు, విశ్రాంతే వైద్యంగా కట్టిన ఆవరణ అది. క్షయకు మందులొచ్చాక శానటోరియం అవసరం తీరింది. అయినా ఆరోగ్యవరం పాడుబడలేదు, వైద్య కేంద్రంగా మారి పని చేస్తూనే ఉంది. అదే 1915లో మదనపల్లెలో మొదలైన బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల కూడా అంతే. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనకు ఇంగ్లిషు అనువాదం చేసింది అక్కడే అని మనం గర్వంగా చెప్పుకోగలుగుతున్నామంటే, చూపించడానికి ఆ ప్రాంగణం ఉంది గనుక, అందులో చదువు సాగింది గనుక. పాత కట్టడాన్ని కాపాడేది దానికి చుట్టిన కంచె కాదు, దానిలో జరిగే పని. కాబట్టి నేను గనినీ మిల్లునూ తాళం వేసి దాచమని అడగడం లేదు. కొత్త పనికి వాడుకుంటూ పాత రూపు నిలబెట్టమంటున్నాను. ఇంజను గది గోడలు గట్టిగా ఉంటే అందులో ఐటీఐ వర్క్‌షాపు నడవవచ్చు. కార్మికుల క్వార్టర్లలో నాలుగు ఇళ్లు మ్యూజియం అయి, మిగతావి హాస్టలు కావచ్చు. మదనపల్లెలో ఎత్తైన పైకప్పున్న మిల్లు షెడ్డు చేనేత ప్రదర్శనశాల కావచ్చు, పుంగనూరులో మిల్లు గోదాము పట్టణ గ్రంథాలయం కావచ్చు.

షరతు ముందే ఉండాలని ఎందుకు పట్టుబడుతున్నానో ముంబయి అనుభవం చెబుతుంది. 1982 సమ్మె తర్వాత అక్కడి బట్టల మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. నగరం నడిబొడ్డున దాదాపు 600 ఎకరాలు. 1991లో మహారాష్ట్ర ప్రభుత్వం మంచి నియమమే తెచ్చింది. మిల్లు భూమిని అభివృద్ధి చేస్తే మూడో వంతు నగరానికి ఖాళీ స్థలంగా, మూడో వంతు ప్రజల ఇళ్లకు, మిగతాది యజమానికి. 2001లో ఆ నియమంలో మాట మార్చారు. పంచాల్సింది మొత్తం భూమిని కాదు, కట్టడాలు లేని ఖాళీ జాగాను మాత్రమే అన్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. దాంతో నగరానికీ కార్మికులకూ దక్కాల్సిన వాటా బాగా చిక్కిపోయింది. ఒక వాక్యం సడలితే వందల ఎకరాల గతి మారుతుందని అక్కడ రుజువైంది. తెలుగు నేల మీద వరంగల్ ఆజంజాహి మిల్లును చూడండి. 1934లో నిజాం కాలంలో మొదలై, తర్వాత నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లి, 2002లో మూతపడింది. తరాల తరబడి ఓరుగల్లు సైరన్ అదే, గడియారం అదే. ఇవాళ ఆ భూమిలో ప్లాట్లున్నాయి, కార్యాలయాలున్నాయి, మిల్లు మైదానం అన్న పేరు జనం నోట మిగిలింది. ఆ తర్వాత అదే జిల్లాలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది వేశారు. వస్త్ర పరిశ్రమను మళ్లీ పిలుస్తున్న ఊరు, తన మొదటి పెద్ద మిల్లును కొత్త తరానికి వేలెత్తి చూపించలేకపోతోంది. కుప్పానికి ఆ లోటు రాకూడదు.

మన చట్టాల్లో ఈ గుర్తులకు రక్షణ లేదు, అందుకే ఉత్తర్వులో షరతు అడగాల్సి వస్తోంది. ప్రాచీన కట్టడాల కేంద్ర చట్టం 1958 నాటిది. వందేళ్లు నిండినదే దాని లెక్కలో ప్రాచీనం. ఇరవయ్యో శతాబ్దపు గనులు, మిల్లులు, ఇంజను గదుల్లో చాలావరకు ఆ గీత దాటవు. దాటే నాటికి నిలబడి ఉండవు. మూసేసిన గని నేలను ఏ స్థితిలో వదిలిపెట్టాలో చెప్పే మూసివేత ప్రణాళిక నిబంధన దేశంలో 2003లో వచ్చింది, చిగురుకుంట అప్పటికే మూతపడింది. అంటే పురావస్తు చట్టానికి ఈ గని మరీ కొత్తది, గనుల నిబంధనకు మరీ పాతది. ఈ సందులో పడ్డదాన్ని బయటికి తీయడానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. పట్టణాభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లాన్‌లో ఒక నియమం, రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ కేటాయింపు పత్రంలో ఒక పేరా, కుప్పం ఏరియా డెవలప్‌మెంట్ అథారిటీకి ఒక ఆదేశం చాలు. ఇవన్నీ మీ సంతకంతో కదిలేవి.

ఇక అభ్యంతరాలు. అన్నిటికన్నా బలమైనది ఉపాధి. వాన చాలని నేల ఇది, పిల్లలు బతుకుతెరువుకు బెంగళూరు బస్సు ఎక్కుతున్నారు, వాళ్లకు ముందు ఉద్యోగం కావాలి గానీ తుప్పు పట్టిన చక్రం ఎందుకు అంటారు. ఈ మాటలోని ఆకలిని నేను తక్కువ చేయను. కానీ లెక్క చూద్దాం. పారిశ్రామికవాడకు అడిగేది వందల ఎకరాలు. ఒక గని గోపురం, ఒక ఇంజను గది, కొన్ని క్వార్టర్లు కలిపి పట్టే జాగా అందులో ఓ చిన్న మూల. లేఅవుట్ గీసే రోజునే ఆ మూలను విడిగా గీస్తే ఒక్క ఫ్యాక్టరీ కూడా ఆగదు. గీశాక గుర్తుకొస్తేనే తగవు. జర్మనీలోని ఎస్సెన్‌లో జోల్‌ఫెరైన్ బొగ్గు గని 1986లో మూతపడింది. అప్పుడు అక్కడా ఇదే ప్రశ్న వచ్చింది. ఆ రాష్ట్ర ప్రభుత్వం గనిని కొని, కూల్చకుండా నిలబెట్టింది. 55 మీటర్ల గని గోపురం కింద మ్యూజియాలు, డిజైన్ సంస్థలు వచ్చాయి. 2001లో, అంటే మన గని మూతపడ్డ ఏడాదే, యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చిగురుకుంట జోల్‌ఫెరైన్ కాదు, కానక్కర్లేదు. బెంగళూరు నుంచి రైల్లో వచ్చేంత దూరంలో, కోలారు గనుల పక్కన, కొండ మీద గుడి ఉన్న చోట ఒక గని మ్యూజియం ఉంటే కుప్పంలో గైడు, టీ కొట్టు, ఆటో, లాడ్జి అన్నీ బతుకుతాయి. ఉద్యోగానికీ జ్ఞాపకానికీ పోటీ పెట్టింది మన ప్రణాళికల తొందరే, వాటి మధ్య సహజంగా వైరం లేదు.

రెండో అభ్యంతరం విషం. బంగారం తీయడానికి సయనైడ్ వాడారు, అలాంటి నేల మీద మ్యూజియాలేమిటి, ముందు శుభ్రం చేసి చదును చేయండి అంటారు. ఇది నిజమైన భయం. కోలారు గనుల చుట్టూ 3 కోట్ల టన్నులకు పైగా రాతిపిండి దిబ్బలై పేరుకుపోయింది. ఎండాకాలం గాలి వీస్తే ఆ ధూళి ఇళ్ల మీదికి వస్తుంది. ఆ దిబ్బల్లో మిగిలిన బంగారం మళ్లీ తీసే ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం అనుమతి కూడా ఇచ్చింది. కాబట్టి మొదట మట్టి పరీక్ష, నీటి పరీక్ష, గని నోళ్లకు గట్టి మూత. ఆ తర్వాతే సందర్శకులు. ఈ వరుస తప్పకూడదు. అయితే శుభ్రం చేయడమంటే సమూలంగా కూల్చడం కాదు. జర్మనీలోనే డూయిస్‌బర్గ్‌లో 1985లో మూతపడ్డ ఇనుప కొలిమిని పార్కుగా మార్చినప్పుడు, విషం ఎక్కువున్న చోట్లను మూసేశారు, మిగతా చోట్ల చెట్లు పెంచారు, కొలిమి గోపురాలను అలాగే ఉంచారు. పిల్లలు ఇవాళ వాటి మీదికెక్కి ఊరంతా చూస్తారు. నిజానికి, జాబితా తీయకుండా బుల్డోజరు తోలితేనే ప్రమాదం ఎక్కువ. ఏ షెడ్డులో ఏ రసాయనం వాడారో, ఎక్కడ పారబోశారో చెప్పగలిగేది పాత రికార్డులూ పాత కార్మికులే. వారసత్వ సర్వే, కాలుష్య సర్వే రెండూ ఒకే బృందం ఒకే నడకలో చేయదగ్గ పనులు.

మూడోది, గని మళ్లీ తెరుస్తారు కదా, ఇంకా దాన్ని గతం అనడమెందుకు అన్న ప్రశ్న. చిగురుకుంట-బిసానత్తం బ్లాకును వేలంలో ఎన్ఎండీసీ దక్కించుకుంది. తవ్వకం మొదలైతే ఈ ప్రాంతానికి మంచిదే, స్వాగతిద్దాం. కానీ కొత్త తవ్వకం కొత్త యంత్రాలతో, కొత్త దారుల్లో సాగుతుంది, పాత కట్టడాలు మొదటి రోజే అడ్డొస్తాయి. అందుకే పాతదాని కొలతలు తీసుకోవడానికి ఇదే సరైన అదను. ఒక ప్రభుత్వ రంగ సంస్థ వదిలిన చోట మరో ప్రభుత్వ రంగ సంస్థ అడుగు పెడుతోంది. ముందువారి పనిని గౌరవంగా నమోదు చేసి, ఏది ఉంచాలో ఎంచి, తర్వాత పలుగు వేయమని అడగడం ఆ సంస్థ స్థాయికి తగిన మాటే. నడుస్తున్న గని పక్కనే పాత గని మ్యూజియంగా ఉంటే, అందులో చేరబోయే మన పిల్లలకు అది మొదటి పాఠశాల అవుతుంది.

నాలుగోది మనసును కలచే ప్రశ్న. గనులంటే తెల్లదొరల దోపిడీ, రాయి పగిలి మీద పడి పోయిన ప్రాణాలు, ఊపిరితిత్తుల్లో రాతిధూళి చేరి దగ్గి దగ్గి పోయిన మనుషులు. ఆ బాధను ఎందుకు దాచుకోవాలి అంటారు. కోలారులో లోతుకు వెళ్లే కొద్దీ రాతి మీద ఒత్తిడి పెరిగి సొరంగం గోడ బాంబులా పేలేది. రాక్‌బర్స్ట్ అన్న మాట గని బస్తీల్లో ప్రతి ఇంటికీ తెలుసు. సరిగ్గా అందుకే దాచుకోవాలి. గోపురాన్ని కూలిస్తే దోపిడీ చెరిగిపోదు, దానికి సాక్ష్యం చెరిగిపోతుంది. దొరల బంగళాల ఫొటోలు, కంపెనీ వార్షిక నివేదికలు లండన్‌లో భద్రంగా ఉంటాయి. కార్మికుడి రేకుల ఇల్లు, అతని టోపీ దీపం, అతను దిగిన బోను మనం ఉంచితేనే ఉంటాయి. పైగా చిగురుకుంట స్వతంత్ర భారతంలో ప్రభుత్వం నడిపిన గని. ఇక్కడి కష్టం మన కార్మికులది, బాధ్యత మన ప్రభుత్వాలది. ఈ గనిని చూపిస్తే చనిపోయినవాళ్ల పేర్లు ఒక రాతి మీద చెక్కే చోటైనా దొరుకుతుంది.

చివరగా డబ్బు. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ఏర్పడింది. గ్రానైట్ దాకా మన నేల మీద తీసే ప్రతి ఖనిజం నుంచి దానికి వాటా వస్తుంది. గనుల ప్రభావం పడ్డ ఊళ్ల విద్యకూ నైపుణ్య శిక్షణకూ ఆ నిధి ఖర్చు పెట్టవచ్చు. పాత ఇంజను గదిలో శిక్షణ కేంద్రం పెడితే ఆ ప్రయోజనం కిందికే వస్తుంది. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు చారిత్రక ప్రాముఖ్యం ఉన్న కట్టడాల పునరుద్ధరణను సామాజిక బాధ్యత ఖర్చుగా గుర్తించింది. ఈ ప్రాంతంలో భూమి పొందే ప్రతి పెద్ద కంపెనీ ఆ ఖర్చు ఎలాగూ ఎక్కడో ఒకచోట చేయాలి, ఇక్కడే చేయమనండి. అన్నిటినీ కాపాడమని ఎవరూ అడగరు, అడగకూడదు. కూలడానికి సిద్ధంగా ఉన్న గోడ, మామూలు గోదాము, విలువలేని షెడ్డు పోవచ్చు. పోయేముందు ఒక ఫొటో, ఒక కొలత, ఒక పేరు మిగలాలి.

కాగితం విలువ మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి రికార్డులు కాలిపోయినప్పుడు, రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. ఒక దస్త్రం పోతే ఎన్ని కుటుంబాల హక్కు పోతుందో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. గని హాజరు పట్టీలు, ప్రమాదాల రిజిస్టర్లు, సొరంగాల పటాలు కూడా అలాంటి దస్త్రాలే. మనుషులు అంతకన్నా విలువైన దస్త్రాలు. గని మూతపడ్డ రోజున ముప్పై ఏళ్లున్న కార్మికుడికి ఇప్పుడు యాభై ఐదు దాటాయి, అప్పటికే యాభై ఉన్నవాళ్లలో ఎందరో వెళ్లిపోయి ఉంటారు. గని మాట తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లిషు కలగలిసిన మాట. ఆ మాటను పట్టుకోవడానికి కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం కన్నా తగిన సంస్థ దేశంలోనే లేదు. ద్రావిడ భాషలన్నిటినీ ఒక చోట చదవడానికే కదా 1997లో అది పుట్టింది. ఆ విద్యార్థులను రికార్డర్లతో గుడుపల్లె పల్లెలకూ, మారికుప్పం రైలెక్కించి గని బస్తీలకూ పంపించండి. రెండేళ్లలో ఒక నిఘంటువు, ఒక మౌఖిక చరిత్ర తయారవుతాయి.

కాబట్టి నా విన్నపం ఇది. పలమనేరు-కుప్పం-మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో మూతపడ్డ గని, మిల్లు, కర్మాగారం ఏది ఉన్నా, భూమి చేతులు మారే ముందు పురావస్తు శాఖ, ద్రావిడ విశ్వవిద్యాలయం కలిసి ఒక జాబితా తీయాలి. చిగురుకుంటలో ఏం నిలబడి ఉందో, ఏది పడిపోయిందో, ఏది పాత ఇనుముగా పోయిందో మొదట తేల్చాలి. ఆ జాబితాను ప్రజల ముందు పెట్టి, పాత కార్మికుల మాట విని, ఏది ఉంచాలో నిర్ణయించాలి. ఆ నిర్ణయాన్ని కేటాయింపు ఉత్తర్వులో, ముంబయిలో జరిగినట్టు తర్వాత సడలించడానికి వీల్లేని మాటల్లో రాయాలి. ఉంచినదానికి ఒక పని అప్పజెప్పాలి. విశాఖ తీరంలో కురుసుర ఇసుక మీదికి చేరిన రోజున అది ఇన్నేళ్లు నిలుస్తుందని చాలామంది అనుకొని ఉండరు. మీరు ప్రారంభించారు, అది నిలిచింది. 2029లో స్వర్ణ కుప్పం ఎలా ఉందో చూడటానికి వచ్చే పిల్లలకు ఈ ఊరి పేరులోకి స్వర్ణం ఎలా వచ్చిందో ఒక ఇనుప గోపురం నీడలో నిలబెట్టి చెప్పగలగాలి. ఆ గోపురానికి తాడు చుట్టిన చేతుల్లో కొన్ని ఇంకా ఈ పల్లెల్లోనే ఉన్నాయి. ఆ కథ చెప్పే పని వాళ్లకే ఇవ్వండి.

గౌరవంతో,
కుప్పం, మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల మేలు కోరే ఒక పౌరుడు